నీళ్లు వెనక్కి పోయాక

హైదరాబాద్ శివార్లలోని మా కొంపల్లికి సముద్రం దగ్గరేమీ కాదు. కాకినాడ పోవాలంటే రాత్రంతా ప్రయాణం. అయినా ఏటిమొగల్లో బురద మీద మేసే పిట్టలు కొన్ని చలికాలంలో మా పక్కకే వస్తాయి. నాగపూర్ రోడ్డు మీద కండ్లకోయ దాకా పోయి, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శామీర్‌పేటలో దిగితే చాలు, చెరువు పక్కనే. కాకినాడ పక్కన కోరింగ దగ్గర గోదావరి సముద్రంలో కలిసేచోట రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు తీస్తుంది. తీసినప్పుడల్లా బురద బయటపడి పిట్టలకు తిండి దొరుకుతుంది. మా చెరువులకు ఏడాదికి ఒకటే పోటు. వానలకు నిండుతాయి, కాలం బాగుంటే మత్తడి దుంకుతాయి, దీపావళి దాటిన దగ్గర్నుంచి రోజుకింత వెనక్కి జరుగుతాయి. ఆ జరిగిన జాగాలోనే ఈ పిట్టల కాపురం, మార్చి దాకా, కొన్నిటికి ఏప్రిల్ దాకా.

పొద్దున్నే పోవాలి. డిసెంబరులో ఔటర్ మీద మంచు దట్టంగా ఉంటుంది, బండి నెమ్మదిగానే నడపాలి. చెరువు చూడటానికి వచ్చేవాళ్లు ఎక్కువగా కట్ట దగ్గరే ఆగిపోతారు. కట్ట వైపు నీళ్లు లోతు. అక్కడ నీటికాకులు, బాతులు, కాస్త ఓపిక ఉంటే లకుముకి పిట్ట కనిపిస్తాయి. నాకు కావలసినవి కట్టకు ఎదురుగా, నీళ్లు పల్చబడి శిఖం భూమిలో, అంటే నీళ్లు తగ్గాక బయటపడే నేలలో, కలిసిపోయే వైపు ఉంటాయి. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని, పొడి నేల ఉన్నచోటే కూర్చుంటాను. మనం వాటి దగ్గరికి పోతే లేచిపోతాయి. మనం కదలకుండా ఉంటే మేత వెతుక్కుంటూ అవే దగ్గరికి వస్తాయి. ముందు తీతువు అరిచి చెరువంతటికీ మన సంగతి చెప్పేస్తుంది. ఆ అరుపు సద్దుమణిగేదాకా ఆగాలి.

ఈసారి లిటిల్ స్టింట్ ఒకటి చాలా దగ్గరగా వచ్చింది. పిచ్చుకంత పిట్ట, 20-30 గ్రాముల బరువు, నల్లటి కాళ్లు, నల్లటి పొట్టి ముక్కు. పశువులు తొక్కిన బురదలో ఒక బర్రె గిట్ట దిగిన గుంట ఉంది, అందులో నీళ్లు నిలిచాయి. స్టింట్ ఆ గుంట అంచు చుట్టూ తిరుగుతూ ఒక్కో అడుగుకూ రెండు మూడు పోట్లు పొడుస్తోంది. ఒకసారి ముక్కు చివర ఎర్రటి పురుగు మెలికలు తిరుగుతూ కనిపించింది, అంతలోనే మాయమైంది. తల ఎత్తలేదు, పక్క గుంటకు పోయింది. ఇది పుట్టింది ఆర్కిటిక్ తీరంలోని టండ్రాలో, చెట్టన్నది మొలవని నేల మీద. అక్కడ గుడ్డు పగిలిన రోజునుంచే పిల్లలు తమ మేత తామే ఏరుకుంటాయి. పెద్దవి ముందే దక్షిణానికి బయల్దేరిపోతాయి, పిల్లలు కొన్ని వారాల తర్వాత వాటంతట అవే వస్తాయి. దారి చూపేవాళ్లు లేకుండా, తొలి ప్రయాణంలోనే, శామీర్‌పేట పక్కన ఒక చెరువు అంచు వెతికి పట్టుకున్న ప్రాణి ఇది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ సంగతి పాతబడదు.

కొంచెం లోతు నీళ్లలో స్టిల్ట్‌లు తిరుగుతున్నాయి. వాటి గులాబీ రంగు కాళ్లు చూసి తెలియనివాళ్లు కూడా ఆగుతారు. నీళ్లకూ మట్టికీ మధ్య తడిలో వుడ్ శాండ్‌పైపర్లు. ఉల్లంకి పిట్టల్లో మన దగ్గర తరచుగా కనబడేది ఇదే. పొడి మట్టి మీద కంటి చుట్టూ పసుపు వలయం ఉన్న చిన్న ప్లవర్, పది అడుగులు పరుగెత్తి టక్కున ఆగుతుంది. దానికి చూపే ఆధారం. పురుగు కంటబడితేనే పొడుస్తుంది. గాడ్విట్ పద్ధతి వేరు. పొడుగు ముక్కును బురదలోకి దింపి, తాకిడితోనే పురుగును కనిపెట్టి, ముక్కు మొత్తం తెరవకుండా కొసను మాత్రం తెరిచి పట్టుకుంటుంది. నీటి అంచు నుంచి గట్టు దాకా ఉన్న ఆ కాస్త జాగాను కాళ్ల పొడవును బట్టి, ముక్కు పొడవును బట్టి ఇవన్నీ పంచుకుని తింటాయి.

బర్రెలు తోలుకొచ్చిన ఒక తాత నా పక్కన వచ్చి నిలబడ్డాడు. బైనాక్యులర్స్ ఇస్తే చాలాసేపు చూశాడు. "ఇవి ఎప్పుడొస్తయి తాతా?" అని అడిగాను. "నీళ్లు ఎన్కకు పోయినంకనే వస్తయి సార్. చెరువు నిండుంటె ఇవేం జేస్తయి, ఈతరావు గదా," అన్నాడు.

నేను రాయదలచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. నిండిన చెరువంటే మనకు పండుగ, అది న్యాయమే. ఈ నేల మీద చెరువు నిండితేనే బతుకు. కానీ నిండిన చెరువును చూసి చూసి, తగ్గిన చెరువును పాడుపడ్డ చెరువనుకోవడం అలవాటైంది. ఊరి మధ్యకు వచ్చిన చెరువులకు చుట్టూ రాతి గోడ కట్టి, నడకదారి వేసి, దీపాలు పెడుతున్నాం. గోడ కట్టినచోట నీళ్లు ఎంత తగ్గినా రాయే కనిపిస్తుంది, బురద కనిపించదు. ఏడాది పొడుగునా మురుగు వచ్చి కలిసే చెరువుల్లో మట్టం తగ్గదు. గుర్రపుడెక్క కమ్మేసి, పిట్ట కాలు పెట్టే ఖాళీ ఉండదు. ఇక శిఖంలో మట్టి పోసి ప్లాట్లు వేస్తే చెప్పేదేముంది. అక్కడ నీళ్లు నాలుగు నెలలే ఉంటాయి కాబట్టి అది ఎవరిదీ కాని భూమి అనుకుంటారు. మిగతా నెలల్లోనే పిట్టలు అక్కడ ఉండేది.

బురదకు గోడ అడ్డం పెడితే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. దక్షిణ కొరియాలో సెమాంగమ్ అనే ఏటిమొగకు అడ్డంగా 33 కిలోమీటర్ల గోడ కట్టి 2006లో మూసేశారు. ఆస్ట్రేలియాకూ సైబీరియాకూ మధ్య తిరిగే గ్రేట్ నాట్ పిట్టలు వేలకు వేలు ఆగి మేసే చోటు అది. పోటు ఆగింది, బురద ఎండింది. అక్కడ కనబడకుండా పోయిన పిట్టలు పక్క తీరాలకు పోయి బతికాయేమోనని లెక్కలు చూస్తే, ఆస్ట్రేలియాలో కూడా వాటి సంఖ్య తగ్గింది. 2015లో ఆ జాతిని అంతరించే ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చారు. మా చెరువు సెమాంగమ్ అంతటిది కాదు, నిజమే. కానీ గుంట చుట్టూ తిరిగిన ఆ స్టింట్‌కు ఆ పొద్దున వేరే చెరువు లేదు.

1987లో భారత ఉపఖండంలో మొదలై, ఇప్పుడు ఆసియాలో చాలాచోట్ల ఏటా జనవరిలో నీటి పిట్టల లెక్క జరుగుతోంది. మన దగ్గర కూడా పిట్టల్ని చూసేవాళ్లు చెరువు చెరువుకూ పోయి లెక్క రాస్తారు. ఈ పని ఇష్టం ఉన్న ఎవరైనా చేయొచ్చు. ఇక చెరువుల సుందరీకరణకు ప్లాన్లు గీసే ఇంజినీర్లను నేను అడిగేది ఒకటే. సెప్టెంబరులో నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, జనవరిలో ఇంకోసారి వచ్చి కొలతలు తీసుకోండి. నడకదారి కట్ట వైపు వేయండి. శిఖం వైపు గోడా రాయీ లేకుండా, వాలుగా ఉన్న నేలను ఉన్నట్టు వదిలేయండి. దానికి పైసా ఖర్చు కాదు. బర్రెల్ని కూడా రానివ్వండి.