పెదనాయన బావి

కోలారు అనగానే మనవాళ్ళకు బంగారు గనులే గుర్తుకొస్తాయి. 2001లో మూతబడేనాటికి అక్కడ 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. నేను చెప్పబోయేది మాత్రం 40 అడుగుల బావి సంగతి.

నరసాపుర దగ్గర పల్లెలో మా పెదనాయన బావి అది. వేసవి సెలవుల్లో పిల్లలమంతా అందులోనే ఈత నేర్చుకున్నాం. కపిల తోలిన రోజుల్లో మోకు ఒరిసి పడిన చారలు గట్టురాళ్ళ మీద ఇప్పటికీ ఉన్నాయి.

బావి అడుగున గంగ పారుతుందని మా నమ్మకం. అక్కడ పారేదేమీ లేదు. పైన కొంత లోతు వరకు ఎండకూ వానకూ చివికి గరుసైన రాయి, దానికింద గట్టి బండ, బండలో అక్కడక్కడ పగుళ్ళు. వాననీరు, చెరువునీరు ఇంకి ఆ గరుసులో నిలుస్తుంది. తోడగానే బావిలో మట్టం పడిపోతుంది. చుట్టూ ఉన్న నీరు పల్లానికి దిగినట్లు గోడల్లోంచి ఊరుతుంది. సాయంత్రం అడుగంటిన బావి తెల్లారేసరికి తేరుకునేది అందుకే. బోరు ఇంకా కింది పగుళ్ళలోని నీటిని లాగుతుంది. ఆ పగుళ్ళకు పై గరుసుతో పొత్తుంటే, పక్క చేలో బోరు లాగినకొద్దీ బావి ఎండుతుంది.

మా బావి అలాగే ఎండింది. ఆ బోరు పరాయివాళ్ళది కాదు, మా నాన్నదే. భాగాలయ్యాక తన చేలో వేయించారు.

"నా బాయి నీళ్ళు లాగేసినావు కదరా" అని పెదనాయన.

"భూమిలో నీళ్ళకు గట్టుంటాదా అన్నా" అని నాన్న.

పదేళ్ళు మాటల్లేవు. తర్వాత ఆ బోరూ ఎండింది. ఇంకొకటి 1,200 అడుగులు దించితే దుమ్ము లేచింది. ఆ అప్పు తీరుస్తున్న రోజుల్లోనే మళ్ళీ మాటలు కలిశాయి.

నిత్యం పారే నది లేని జిల్లా ఇది. 2018 నుంచి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి, కోరమంగల-చల్లఘట్ట లోయ నుంచి గొట్టాల్లో ఇక్కడి చెరువులకు పంపుతున్నారు. చెరువులోంచి నేరుగా తోడకూడదు; నేలలో ఇంకి బావుల్లోకి ఊరాలి. శుద్ధి ఇంకో దశ చేయాలని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళు అడగడం సబబేనని నాకనిపిస్తుంది.

మొన్న వెళితే బావిలో నీళ్ళున్నాయి! పెదనాయన దోసిట పట్టి వాసన చూశారు. "వాసనేమీ లేదు" అన్నారు గానీ తాగలేదు. టొమాటో తోటకు మాత్రం మోటారు పెట్టారు. దాని తీగ మా నాన్న చేలోని కరెంటు కంబం నుంచి వస్తోంది.