ఆవిరిచుట్ట

ఇంటికి బిందె గొనవలసినను, పొయ్యి గొనవలసినను మనము నాలుగంగళ్లు తిరుగుదుము. చేతితో తట్టి చూతుము. అడుగు మందమెంతయో, పిడి గట్టిదో కాదో, చెడినచో బాగుచేయువారు దగ్గర నున్నారో లేరో విచారించి గాని రొక్కము చెల్లింపము. ఈ నేర్పు పొగ మానదలచువాని సామగ్రికి గూడ పనికివచ్చునని మా తమ్ముని మూలమున నాకు తెలిసినది.

మాది నెల్లూరు జిల్లాలోని ముత్తుకూరు. మావారు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించుచున్నారు. తమ్ముడు ఇంగ్లాండులో మాంచెస్టరు నగరమున నుద్యోగము చేయుచున్నాడు. కళాశాలలో చదువునపుడే వాడు సిగరెట్టుకు మరగెను. పదునాలుగేండ్లు దినమున కొక పెట్టె చొప్పున కాల్చెను. మా నాయన చుట్టలు కాల్చి గొంతు క్యాన్సరుతో పోయినవారు. కడపటి మూడు నెలలు మాట పెగలక పలకమీద వ్రాసి చూపెడివారు. ఆ పలకను తుడిచి తుడిచి చేతికిచ్చినవాడు మా తమ్ముడే. అట్టివాడు సయితము పండ్రెండవ దినము కాకమునుపే దొడ్డివాకిట నిలుచుండి సిగరెట్టు వెలిగించెను. తెలివిలేక కాదు, తండ్రిపై ప్రేమలేక కాదు. నికొటిను పట్టు అట్టిది.

నిరుడు మా మరదలు గర్భవతి యయ్యెను. అప్పుడు తమ్ముడు ఫోనులో, "అక్కా, బిడ్డ నెత్తుకొను చేతికి సిగరెట్టు కంపు ఉండరాదు. గమ్ము నమిలితిని, పట్టీ అంటించుకొంటిని, నిలువలేదు. ఇక్కడ ఆవిరియంత్రముతో మానినవారు కలరు. అయిదు రకముల బొమ్మలు పంపితిని. బావయు నీవును చూచి, గట్టిగా నుండునది యేదో చెప్పుడు" అనెను.

ఇంగ్లాండు ప్రభుత్వము 2023 ఏప్రిలులో పది లక్షలమంది పొగత్రాగువారికి సిగరెట్టునకు మారుగా ఈ యంత్రముల నిచ్చి మానిపింతుమని ప్రకటించినది. మన దేశపు చట్టము వేరు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సును, ఆ డిసెంబరులో చట్టమును వచ్చినవి. దానినిబట్టి ఈ-సిగరెట్లను చేయుట, దిగుమతి చేయుట, అమ్ముట, నిలువ చేయుట, ప్రకటించుట నేరములు. అమ్మినవానికి మొదటిమారు ఏడాది వరకు చెర గాని, లక్ష రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. మరల చేసినచో మూడేండ్ల వరకు చెర, అయిదు లక్షల వరకు జుల్మానా. కావున నేను వ్రాయునది చదివి యెవరును ఇచ్చట గొనబోవలదు. తమ్మునికి నేను మొదట చెప్పిన మాటయు నిదియే: "ఊరికి వచ్చునపుడు అది నీ పెట్టెలో నుండరాదు."

ఇక ఆ యంత్రమెట్టిది? మన దీపపు కుంది వంటిదే. కుందిలో చమురున్నట్లు దీనిలో నొక ద్రవముండును. గ్లిజరిను, ప్రొపిలీను గ్లైకాలు, పరిమళము, నికొటిను కలిపినదే ఆ ద్రవము. వత్తికి మారుగా దూది; దాని చుట్టు లోహపు తీగచుట్ట. బ్యాటరీనుండి విద్యుత్తు ప్రవహింపగా తీగ వేడెక్కి ద్రవము ఆవిరి యగును. ఆకు కాలదు గనుక తారు లేదు, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు లేదు. సిగరెట్టు పొగకంటె హాని మిక్కిలి తక్కువ యగుటకు కారణమిదియే. కాని తక్కువ యనగా లేదని కాదు. కుందిలో చమురింకిన పిదప వత్తి మాడి కమురుకంపు కొట్టుట మనమెరుగుదుము. ఇచ్చట గూడ ద్రవము చాలకున్నను, సెగ మితిమీరినను దూది మాడి, ఫార్మాల్డిహైడు వంటి చెరుపు పదార్థములు పుట్టును.

సెగను హెచ్చుతగ్గులు చేయు మీట యుండవలెనని మావారు పట్టుపట్టుట యిందుకే. వారు కాగితముపై లెక్క వేసి నాకు చూపిరి. బ్యాటరీ ఒత్తిడి 3.7 వోల్టులు, తీగ నిరోధము 1 ఓము అయినచో, 3.7ను 3.7చే గుణించి 1చే భాగింపగా సుమారు 13.7 వాట్లు. తీగ నిరోధము సగమైనచో అదే ఒత్తిడికి 27.4 వాట్లు. ఒకే బ్యాటరీ, రెండింతల సెగ! తీగచుట్టపై సాధారణముగా అది యెన్ని వాట్లకు తగునో ముద్రించియుందురు. ఆ హద్దులో కనిష్ఠమున మొదలుపెట్టి, చాలకున్నచో కొంచెము కొంచెముగా పెంచవలెను. పాలు కాచునపుడు మంట సన్నముగా నుంచినట్లే యని నాకు తోచినది.

మన్నికను గూర్చి నేను చూచినవి చెప్పెదను. వాడి పారవేయు రకమును ముందే తీసివేసితిని. ఇంగ్లాండులో వానిని అమ్ముట 2025 జూన్ 1 నుండి నిషేధము. పారవేసిన లిథియము బ్యాటరీలు చెత్తబండ్లలో నంటుకొనుటయు, పిల్లలు వానికి మరగుటయు అందుకు కారణములు. మిగిలినవానిలో, తీగచుట్ట మాత్రము విడిగా మార్చుకొన వీలున్నదానిని ఏరితిని. దూది పాడగుటకు ఒకటి రెండు వారములు చాలును. దానికై యంత్రమంతయు పారవేయుట మూకుడు మాడినదని పొయ్యిని పారవేసినట్లు. విడి చుట్టలు అంగళ్లలో సులభముగా దొరకునదై యుండవలెను. ఒడలు లోహపుది కావలెను. బ్యాటరీ బయటికి తీసి మార్చదగినదై యుండవలెను. 18650 అను రకము 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు గలది. అది సత్తువ తగ్గినచో కొత్తది వేసికొనవచ్చును. ఆ విడి బ్యాటరీని తాళపుచెవులతోను, చిల్లర నాణెములతోను కలిపి జేబులో వేసికొన్నచో రెండు కొనలు తగిలి నిప్పు పుట్టును. పైపొర చిరిగినదానిని వాడనే రాదు. విద్యుత్తు దారితప్పినను, సెగ మీరినను తనంతట ఆగు ఏర్పాటున్నదో లేదో చూడవలెను. ఇన్ని వడపోయగా ఆ అయిదింటిలో నొకటి నిలిచినది. అది అందమైనది కాదు. మా అమ్మ వాడిన ఇత్తడి చెంబువలె నున్నది.

ద్రవము మాట గూడ కలదు. ఆ దేశమున మిల్లీలీటరునకు 20 మిల్లీగ్రాములకు మించి నికొటిను ఉండరాదు; తొట్టి 2 మిల్లీలీటర్లకు మించరాదు. 2019లో అమెరికాలో ఆవిరి పీల్చినవారు ఊపిరితిత్తులు చెడి గుంపులుగా ఆసుపత్రుల పాలైరి. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది రోగులు, 68 మంది మృతులు లెక్కకు వచ్చిరి. వారిలో పెక్కుమంది దొంగచాటున అమ్మిన గంజాయిసారపు ద్రవమును, అందు కలిపిన విటమిను-ఇ ఎసిటేటును పీల్చినవారు. తెలియనివాని చేతి సీసా ముట్టవలదని తమ్మునికి గట్టిగా చెప్పితిని. నికొటిను ద్రవము పసిబిడ్డ నోటబడినచో ప్రాణాంతకము. సీసాలు తాళమువేసిన అరలో నుంచుమని మరదలికి చెప్పితిని.

అన్నిటికంటె పెద్దది మరియొకటి. దినమునకొక పెట్టె కాల్చినవానికి మొదట బలమైన ద్రవము, తక్కువ వాట్లు తగును. పిమ్మట నికొటిను బలమును 20 నుండి 12కు, 6కు, 3కు దింపుకొనుచు రావలెను. బలము తగ్గించి, మీట త్రిప్పి వాట్లు పెంచి, రెండింతల ఆవిరి పీల్చినచో చేసిన పని వ్యర్థము. ఉప్పు తగ్గించితినని చెప్పి ఊరగాయ రెండింతలు తినినట్లే. తమ్ముడు పంపు ప్రతి లెక్కలోను బలమును, వాట్లను రెంటిని వ్రాయుమంటిని.

ఇది సర్వరోగనివారిణి యని నేననను. కాక్రేను సంస్థవారి సమీక్షలో గమ్ము, పట్టీలతో నూటికి ఆరుగురు మానగా, ఈ యంత్రముతో ఎనిమిది మొదలు పదిమంది వరకు మానిరని యున్నది. అనగా తొంబదిమందికి ఇదియు చాలలేదు. ఎన్నడు పొగ ముట్టనివాడు దీనిని ముట్టుట శుద్ధ అవివేకము. మా అబ్బాయి పదవ తరగతి. పండ్ల వాసనల పేర్లు చూచి, "అమ్మా, మామిడిపండు వాసన గలది మంచిదేమో" అనెను. మామిడిపండు కావలెనన్న చెట్టునున్నదంటిని. ఆ దినము మొదలు ఆ బొమ్మలను వానికి కనబడనీయలేదు.

మొన్నటి సంక్రాంతికి తమ్ముడు ఒంటరిగా వచ్చి ఇరువది దినములుండెను. యంత్రమును మాంచెస్టరులోనే విడిచి, 2 మిల్లీగ్రాముల గమ్ముతో కాలము గడపెను. మూడవనాడు వానికి కోపము ముక్కుమీదికి వచ్చినది. "అంగడిలో చుట్టలు వ్రేలాడుచున్నవి, సిగరెట్లు కలవు. వానికి లేని నిషేధము దీనికేల అక్కా?" అనెను. వాని ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. తిక్కన సోమయాజి నెల్లూరున భారతము వ్రాసిన 13వ శతాబ్దమున పొగాకు ఈ నేలకు తెలియదు. అది పోర్చుగీసువారి వెంట వచ్చినది. నేడు మన జిల్లాలోనే కలిగిరి, డి.సి.పల్లి కేంద్రములలో పొగాకు వేలములు సాగుచున్నవి. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములలో మండు కొనను నోటిలోపల నుంచుకొని చుట్ట కాల్చు స్త్రీలు కలరు. వారికి అంగిటి క్యాన్సరు వచ్చుటను వైద్యులు ఏనాడో గుర్తించిరి. అయినను పాతవిషము అమ్ముచున్నారు గనుక కొత్తదియు రానిండనుట పిల్లలున్న తల్లి చెప్పదగిన మాట కాదు. నేను వానితో వాదింపక, సాయంకాలము కృష్ణపట్నము వైపు నడిపించుకొని పోతిని. దారిలో అంగడి యెదుట వాడు నిలిచెను. నా గుండె ఝల్లుమనెను. వాడు చెనక్కాయ అచ్చు రెండు కొని, ఒకటి నా చేతిలో బెట్టెను.

ఇప్పుడు బిడ్డకు నాలుగవ నెల. తమ్ముని ద్రవము 6కు దిగినది, వాట్లు పెరుగలేదు. సిగరెట్టు ముట్టి ఎనిమిది నెలలైనది. చిరకాలము మన్ను యంత్రమునే యేరి యిచ్చితిని గాని, వాడు దానిని చిరకాలము వాడవలెనని నా కోరిక కాదు.

మన యిండ్లలో చుట్టయో, సిగరెట్టో, బీడీయో మానదలచి మానలేనివారు కలరు. వారిని ఎత్తిపొడిచినందువలన లాభము లేదు. ప్రభుత్వమువారి ఉచిత సలహా ఫోను 1800-11-2356. ఆ అంకెలను గోడమీది పంచాంగముపై వ్రాసియుంచుడు. వారు మానెదమన్న దినమున వెదకుకొను పని యుండదు.