రెడ్డిగూడెం దారిలో నాన్నగారి బుల్లెట్

మా నాన్నగారి బుల్లెట్ బండిని అమ్మివేయాలనే మాట మా ఇంట్లో మొదలై రెండేండ్లయింది. ఆయన దానిని 1986లో పాతబండిగానే కొన్నారు. నందిగామ చుట్టుప్రక్కల పల్లెల్లో ఉపాధ్యాయునిగా పనిచేసినంత కాలం దాని మీదే తిరిగారు. ఆయన పోయిన తరువాత బండి నా చేతికి వచ్చింది గాని, దాన్ని నడిపే మెలకువ మాత్రం రాలేదు. మొదటి గేరు వేస్తే 'కటక్'మనే చప్పుడు వీధి చివరి దాకా వినబడేది. పరుగులో ఉన్నప్పుడు ఒక్కొక్కసారి అసలు ఏ గేరూ పడేది కాదు. "ముసలిదైపోయింది నాన్నా, అడిగినవాళ్ళకు ఇచ్చేద్దాం" అన్నాడు మా అబ్బాయి. కొనడానికి వచ్చినాయన కూడా ఆ చప్పుడు విని, మేము చెప్పిన ధరలో సగమే ఇస్తానన్నాడు. "ఒకసారి రెడ్డిగూడెం తీసుకెళ్ళి బావగారికి చూపిస్తాను. ఆ తరువాత మీ ఇష్టం" అన్నాను.

గడచిన వేసవిలో, మామిడికాయల కాలంలో, తెల్లవారకముందే బయలుదేరాము. వెనుక మా అబ్బాయి కూర్చున్నాడు. నందిగామ దాటి ఐతవరం చేరేసరికి తూర్పు తెల్లబడుతున్నది. 2023 జూలైలో మునేరు పొంగి, ఆ దగ్గరే వరద నీరు హైవే మీదికి వచ్చి బండ్లన్నీ ఆగిపోయాయి. మేము వెళ్ళేటప్పటికి కీసర వంతెన క్రింద ఇసుక తప్ప చెప్పుకోదగ్గ నీరు లేదు. కంచికచర్ల, ఇబ్రహీంపట్నం దాకా నాలుగో గేరులో బండి హాయిగా సాగిపోయింది. గేరు మార్చే పని లేని చోట ప్రతి బండీ మంచిదే!

ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం పొగగొట్టాలను చూస్తూ ఎడమకు తిరిగి కొండపల్లి మీదుగా వెళ్ళాము. తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసే ఊరు గనుక, పిల్లలకు ఏమైనా కొందామని మా వాడు అన్నాడు. వచ్చేటప్పుడు చూద్దామని చెప్పి ఆగలేదు. జి.కొండూరు దాటిన తరువాత రోడ్డు కాస్త పల్లానికి దిగుతున్నది. మలుపు తిరిగేసరికి ఎదురుగా గొర్రెల మంద.

వేగం తగ్గించడానికి నాలుగు నుంచి మూడుకు తెద్దామని లివరు ఎత్తాను. నాలుగు వదిలింది, మూడు పడలేదు. రెండు గేర్లకూ నడుమ బండి తేలిపోయింది. ఇంజను గోలపెడుతున్నదే గాని చక్రాన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. ఆ కంగారులో బ్రేకు అనుకొని కుడికాలితో గట్టిగా తొక్కాను. ఈ బండికి కుడివైపు ఉన్నది బ్రేకు కాదు, గేరు. రోజూ మా అబ్బాయి కొత్తబండి నడిపే అలవాటు నా చేత ఆ పని చేయించింది. తొక్కేసరికి మళ్ళీ నాలుగో గేరు పడి బండి ఒక్క కుదుపు కుదిపింది. నా భుజం మీద మా వాడి చేయి బిగుసుకున్నది. చేతి బ్రేకు పట్టబట్టి, చివరి గొర్రెకు బారెడు దూరంలో ఆగాము. "ఏం సారూ, బ్రేకుల్లేవా?" అన్నాడు గొర్రెల కాపరి. ఉన్నాయి నాయనా, ఏ కాలి క్రింద ఉన్నాయో నేనే మరచిపోయాను.

బుల్లెట్ సంగతి తెలియని చిన్నవారి కోసం ఇక్కడ కొంచెం చెప్పాలి. ఇది ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో పుట్టిన బండి. సరిహద్దులు కాయడానికి మన సైన్యం కోరగా మన దేశానికి వచ్చింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడి, తిరువొత్తియూరు కర్మాగారంలో ఇక్కడే తయారు కాసాగింది. మా బండి 346 సీసీ, 18 హార్స్‌పవరు, నాలుగు గేర్లు. ఈనాటి కుర్రవాళ్ళకు 18 అంటే చిన్న అంకెగా కనబడవచ్చు గాని, బరువు లాగడంలో దాని సత్తా వేరు. కుడికాలి క్రింద గేరు, ఎడమకాలి క్రింద బ్రేకు. మొదటి గేరు పైకి ఎత్తాలి, మిగిలిన మూడూ క్రిందికి తొక్కాలి. ఇప్పటి బండ్లలో ఎక్కువ భాగం దీనికి తలక్రిందులు: గేరు ఎడమన, మొదటిది క్రిందికి, తక్కినవి పైకి. (మైసూరులో చేసిన జావా బండికి గేరు లివరునే తిప్పి కిక్కు కొట్టేవారు. ఆ తమాషా చూసినవారు ఈ మాట చదివి నవ్వుకుంటారు.)

మైలవరం దాటి రెడ్డిగూడెం దారి పట్టాక ఇరువైపులా మామిడితోటలే. ఇది పాత కృష్ణా జిల్లా మెరక ప్రాంతం. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది. బంగినపల్లి కాయలు నింపిన ట్రాక్టర్లు ఎదురవుతుంటే, ఆ ఇరుకు రోడ్డు మీద అడుగడుగునా గేరు మార్చవలసి వచ్చింది. అక్క వాళ్ళ తోట చేరేసరికి నా కుడి మడమ పీకుతున్నది.

బావగారు తోటలో ఆయిలింజన్లు బాగుచేసుకుంటూ పెద్దవారైన మనిషి. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడమే కష్టం. మమ్మల్ని పలకరించకముందే, "ఏమోయ్, గేరును తంతున్నావా, వేస్తున్నావా? గేటు దగ్గర నుంచే వినబడింది" అన్నారు.

మంచం బండి దగ్గరకు జరిపించుకొని, మా వాడి చేత పని చేయించారు. ముందుగా బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ఇంజను నడుస్తుండగా క్లచ్ పూర్తిగా పట్టి మొదటి గేరు వేయమన్నారు. క్లచ్ పట్టినా వెనుక చక్రం జోరుగా తిరుగుతూనే ఉన్నది. "చూశావా? నువ్వు క్లచ్ పట్టానని అనుకుంటున్నావు, పలకలు విడిపోవడం లేదు. తిరుగుతున్న పళ్ళలోకి గేరును తోస్తే అరవక ఏం చేస్తుంది?" అన్నారు.

కారణాలు వెదికితే రెండు దొరికాయి. క్లచ్ తీగ సాగిపోయి, లివరు సగం దాకా ఊరికే వస్తున్నది. దాన్ని రెండు మూడు మిల్లీమీటర్ల ఆట మిగిలేటట్లు బిగించారు. రెండవది నేను చేసిన తప్పు. పాతబండికి చిక్కని నూనె మేలని, క్లచ్ ఉండే ఎడమవైపు పెట్టెలో గేరు నూనె పోశాను. ఈ పాత బుల్లెట్లకు ఇంజను వేరు, క్లచ్ పెట్టె వేరు, గేరుబాక్సు వేరు. దేని నూనె దానిదే. చిక్కని నూనె క్లచ్ పలకలను జిగురులా అంటిపెడుతుంది. అది తీసివేసి పలుచని నూనె పోయించారు. వదులైన చైన్‌ను అంగుళం ఆట ఉండేటట్లు సర్దించారు. గేరుబాక్సు లోపల లివరు వెనుక ఒక సర్దుబాటు పలక ఉంటుంది. దాన్ని కూడా వెంట్రుకవాసి జరిపించారు.

కొత్తబండ్లు గలవారు దీన్ని వేరుగా గ్రహించాలి. వాటిలో చాలావాటికి ఇంజను, క్లచ్, గేర్లు మూడింటికీ ఒకే నూనె. గనుక కారు నూనె పోయకూడదు, క్లచ్ జారిపోవచ్చు. డబ్బా మీద 'జాసో ఎంఏ' అనే గుర్తు ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి.

పని అయ్యాక నా వంతు వచ్చింది. తోట బాటలో నన్ను ముందుకూ వెనుకకూ తిప్పించి, బావగారు మంచం మీద నుంచి కేకలు వేశారు. లివరును తన్నవద్దు. తొక్కి, గేరు పడిందని పాదానికి తెలిసేదాకా అక్కడే ఉంచి, అప్పుడు పూర్తిగా వదలాలి. పాదం లివరు మీద ఆనించి ఉంచితే తరువాతి గేరుకు అది అందదు. గేరు దించేటప్పుడు ఒక్కటొక్కటిగా, వేగం తగ్గిన కొద్దీ దించాలి. ఉదయం బండి తీసేముందు క్లచ్ పట్టి నాలుగుసార్లు కిక్కు తొక్కితే, రాత్రి అంటుకున్న పలకలు విడిపోతాయి. మడమతో నొక్కితే రెండు, మూడు, నాలుగు గేర్లలో దేని నుంచైనా న్యూట్రల్‌కు తెచ్చే చిన్న లివరు ఒకటి ఈ బండికి ఉన్నది. ఇన్నాళ్ళూ నేను దాన్ని వాడనే లేదు. నాన్నగారు చౌరస్తాల దగ్గర దాన్నే నొక్కేవారని బావగారు చెబితే గాని గుర్తుకు రాలేదు.

"చప్పుడు పూర్తిగా పోదు. లోపల గేర్లను జరిపే ఫోర్కు అరిగింది. వానలు పడ్డాక తీసుకురా, విప్పిద్దాం" అన్నారు. అప్పటికి తానుంటానో లేనో అని కూడా అన్నారు. అక్క కోప్పడింది.

సాయంత్రం చల్లబడ్డాక, ముందు టాంకు మీద మామిడికాయల సంచి పెట్టుకొని తిరుగు ప్రయాణమయ్యాము. మైలవరం దాటాక ఉదయం మంద ఎదురైన చోటు వచ్చింది. అప్పుడు పల్లమైనది ఇప్పుడు మెరక. బరువుకు బండి ఈడ్వసాగింది. లివరు నెమ్మదిగా ఎత్తి, అక్కడే పట్టి ఉంచాను. మూడు పడింది. వెనుక మా వాడు ఏమీ అనలేదు. నా భుజం మీద వాడి చేయి కూడా లేదు. కొండపల్లిలో ఆగి పిల్లలకు ఏనుగు అంబారీ బొమ్మ కొన్నాము.

మరునాడు ఉదయం నేను లేచేసరికి పెరట్లో కిక్కు చప్పుడు వినబడింది. ఇంజను ఇంకా అంటుకోలేదు. మా వాడు క్లచ్ పట్టుకొని, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాడు.