కాపలావాడు ఇంటివారినే కొడితే

చూపు మసకబారితే మనం కంటినే అనుమానిస్తాం. కానీ ఒక్కోసారి అసలు జబ్బు కంట్లో ఉండదు.

మా ఊరి తమ్ముడొకడు హైటెక్ సిటీలో ఒక ఆఫీసు గేటు దగ్గర రాత్రి కాపలా ఉద్యోగం చేసేవాడు. కొన్ని వారాల్లోనే అద్దాల మేడల వెలుగు కళ్లలో గుచ్చుకోసాగింది. కళ్ల ముందు మెరుపులు ఆడేవి. చీకట్లో మెట్లు కనబడేవి కావు. కళ్లద్దాలు మార్చినా లాభం లేదు. కన్ను చూసినవారు పైకి బాగానే ఉందన్నారు. డ్యూటీ ఎగ్గొట్టడానికి నటిస్తున్నాడని తోటివారు అన్నారు. ఎవరి పాపమో తగిలిందని ఊళ్లో అన్నారు. ఆ మాటే అతని భార్యను ఎక్కువ ఏడిపించింది.

చివరికి ఒక కంటి డాక్టరమ్మ ఈఆర్‌జీ పరీక్ష చేయించారు. గుండెకు ఈసీజీ ఎలాగో, కంటి వెనుక రెటీనాకు ఇది అలాగు. బంజారాహిల్స్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి పెద్ద చోట్ల ఇది చేస్తారు. రెటీనా స్పందన బాగా పడిపోయిందని తేలింది. ఆమె వెంటనే ఛాతీ స్కాన్ రాశారు. ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ ఉంది!

దీన్ని క్యాన్సర్ అసోసియేటెడ్ రెటినోపతీ అంటారు. చాలా అరుదు. వైద్యులు 1976లో దీన్ని వివరించారు. రికవరిన్ అనే ప్రోటీన్ రెటీనాలో వెలుగును పట్టే కణాల్లో ఉంటుంది. కొన్ని గడ్డలు, ముఖ్యంగా ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్, అదే ప్రోటీన్‌ను తయారుచేస్తాయి. ఒంట్లోని రోగనిరోధక శక్తి దానిమీదికి యాంటీబాడీలను పంపుతుంది. అవి కంట్లోని ప్రోటీన్‌ను కూడా శత్రువే అనుకుని ఆ కణాలను చంపుతాయి. చాలామందిలో క్యాన్సర్ సంగతి తెలియకముందే చూపు దెబ్బతింటుంది.

ఇది వివరిస్తే తమ్ముడు, "అయితే అయ్యగారూ, దొంగను కొట్టబోయి నా కాపలావాడు ఇంటివాళ్లనే కొట్టాడన్నమాట" అన్నాడు.

కీమో ఇచ్చారు, స్టెరాయిడ్లు ఇచ్చారు. పోయిన చూపు మళ్లీ పూర్తిగా రావడం అరుదు. అతనికీ రాలేదు. భార్య భుజం పట్టుకుని నడుస్తున్నాడు. గడ్డ బయటపడింది గనుక చూపు పోవడమే మేలైందని కొందరు ఓదార్చారు. నేను ఆ మాట అనలేను. పోయింది పోయినట్టే, దానికి ఏడ్వనివ్వాలి.

ప్రియులారా, చూపు వారాల్లోనే తగ్గుతుంటే, మెరుపులు, రేచీకటి తోడైతే, అద్దాలు మారుస్తూ కూర్చోకండి. పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్లండి. పక్కింట్లో అలాంటివారుంటే ఎవరి పాపమని అడగకండి. చెయ్యి పట్టుకుని బస్సెక్కించండి.