అక్కికి వాకిలి మూసే మందు



మన తమిళనాడు తెలుగు ఇండ్లల్లో పెద్దవాళ్ళకు నడుముకో రొమ్ముకో ఒక పక్కగా మంటతో పొక్కులు లేస్తే అక్కి అంటాము. ఆంధ్రా పక్క సర్పి అంటారు. చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటి వైరస్ నరాల మొదట్లో దాగి ఉండి, ఒళ్ళు తగ్గిన వయసులో మళ్ళీ లేవడమే ఇది. పెదవి మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ కూడా ఈ కుటుంబమే.

రెండింటికీ ఇప్పుడు ఇచ్చే ముఖ్యమైన మందు ఎసైక్లోవిర్. గెర్ట్రూడ్ ఎలియన్ బృందం తెచ్చింది. ఆమెకు 1988లో నోబెల్ వచ్చింది. అయితే వైరస్ కణం లోపలికి పోయినాకే ఈ మందు పని చేస్తుంది, అక్కడ అది పెరగకుండా ఆపుతుంది. అసలు లోపలికే రానీయకుంటే?

కణం పైనుండే కొన్ని ప్రోటీన్లను పట్టుకునే వైరస్ లోపలికి పోతుంది. వాటిని రిసెప్టర్లు అంటారు, వాకిళ్ళు అనుకుందాం. పెదవి హెర్పిస్ వాడుకునే హెచ్‌వీఈఎం అనే వాకిలి 1996లో, నెక్టిన్-1 అనేది 1998లో బయటపడ్డాయి. వాకిలి మూసే మందు కుదరనిదేమీ కాదు. హెచ్‌ఐవీకి సీసీఆర్5 వాకిలిని మూసే మరావిరాక్‌కు 2007లోనే అమెరికాలో అనుమతి దొరికింది.

చిక్కు ఎక్కడంటే, ఆ వాకిళ్ళు వైరస్ కోసం పెట్టినవి కావు. నెక్టిన్-1 కణాన్ని కణంతో కలిపి పట్టుకుంటుంది. పుట్టుకతోనే అది చెడిన కొందరికి పెదవి, అంగిలి చీలి ఉంటాయి. హెచ్‌వీఈఎంకు రోగనిరోధకంలో పని ఉంది. టికెట్ లేనివాణ్ణి ఆపాలని స్టేషన్ గేటే మూసేస్తే టికెట్ ఉన్నవాళ్ళు ఎట్లా పోతారు? అందుకే వాకిలిని వదిలి, దాన్ని పట్టుకునే వైరస్ చేతికే అడ్డం వేసే దారి కూడా వెతుకుతున్నారు. ఏది వచ్చినా, ముందే నరాల్లో చేరిన వైరస్‌ను అది బయటికి తరమలేదు.

కాబట్టి ఆ మందు కోసం కాచుకొని కూర్చోవద్దు. ఉన్న మందే పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే గుణం ఎక్కువ. మన పక్క కుమ్మరి దగ్గర కావిమట్టితో అక్కి రాయించుకోవడంలోనే ఆ మూడు రోజులు గడిచిపోతున్నాయి. తరవాత నెలల తరబడి నరాల నొప్పి. కంటి దగ్గర లేస్తే చూపుకే మోసం. 50 దాటినవాళ్ళకు ముందుగా వేసుకునే టీకా కూడా ఉంది, డాక్టర్‌ను అడగండి.

కుమ్మరి మీద మాకూ గౌరవమే. అయినా పొక్కు కనబడిన రోజే ఆస్పత్రికి పోండి. ఇంట్లో పెద్దవాళ్ళు వద్దన్నా పిలుచుకొని పోండి.