కూచిపూడిలో చిమ్మనగ్రోవి

బెజవాడలో బస్సెక్కి, ఉయ్యూరు, పామర్రు దాటి కూచిపూడిలో దిగేసరికి పొద్దు వాలుతోంది. నా వెంట మా మేనల్లుడు. వాడికి విదేశంలో పరిశోధన చేసే అవకాశం వచ్చింది. "వాణ్ణి నువ్వే ఆపాలిరా" అని మా అక్కయ్య ఆజ్ఞ. పుట్టినగడ్డ గొప్పతనం చెప్పడానికి నాబోటి తెలుగు పంతులుకు కూచిపూడిని మించిన చోటేముంది?

రామలింగేశ్వరస్వామి గుడి దగ్గర కూర్చుని సిద్ధేంద్రయోగితో మొదలుపెట్టాను. వాడు ఆకాశంకేసి చూస్తున్నాడు.

"అక్కడేముందిరా?"

"నా లెక్కలన్నీ అక్కడే వున్నాయి మామయ్యా!"

నాకు అర్థమైనంతవరకు మీకూ చెబుతాను. మనకు 100 కిలోమీటర్ల పైన, ఎండ ధాటికి గాలి విద్యుత్కణాలుగా విడిపోతుంది. అదే అయనావరణం. మన దేశపు దక్షిణపు కొస మీదుగా అయస్కాంత మధ్యరేఖ పోతుంది. 1963లో తుంబాలో రాకెట్ కేంద్రం వెలసింది ఆ రేఖ దగ్గరనే కారణంతోనే. ఆ రేఖపై అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి, పగటిపూట విద్యుత్ క్షేత్రం తూర్పుకు. రెంటి మధ్య చిక్కిన కణాలు ఇటూ అటూ కాక నిలువునా పైకి తేలతాయి, సెకనుకు సుమారు 20 మీటర్లు. అక్కడినుంచి అయస్కాంత రేఖల వెంట జారి, ఇరువైపులా 15 డిగ్రీల దూరాన గుట్టపడతాయి. మనవైపు భోపాల్, కోల్‌కతాల దాపున. అచ్చం చిమ్మనగ్రోవి! లేచినచోట కొరత, పొరుగున సమృద్ధి. ఈ వింతను 1946లో ఆపిల్టన్ లోకానికి తెలిపాడు. 1950లలో వాల్తేరులో ఆచార్య బి. రామచంద్రరావుగారు అయనావరణపు కదలికలను పరిశోధించారు.

లెక్కలో ఆ తేలే వేగం కాస్త పెంచితే గుట్ట మరింత దూరం జరుగుతుందట. సూర్యాస్తమయమప్పుడు ఆ వేగం ఒక్కసారి విజృంభిస్తుంది. కొన్ని రోజుల్లో ఆ పొరలో బుడగలు లేచి, దారి చూపే ఉపగ్రహాల సంకేతాలు తడబడతాయి. ఏ సాయంత్రం లేస్తాయో ముందే పసిగట్టడం ఇప్పటికీ కష్టమే. మావాడి తపనంతా అందుకే.

"అంతా బాగానే వుంది గాని, ఈ వూరు చూడు. ఇక్కడ పుట్టిన వెంపటి చినసత్యంగారు అదే 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి..." అన్నానో లేదో, నా వాదం నాకే ఎదురు తిరిగింది. మావాడు నవ్వాడు. ఎవరింట్లోంచో గజ్జెల చప్పుడు వినవస్తోంది.

"రాత్రికి విద్యుత్ క్షేత్రం తిరగబడుతుంది మామయ్యా. పైకెక్కినవి కిందికి దిగుతాయి."

"అన్నీనా?"

"అన్నీ కాదు."

ఇంటికొచ్చి మా అక్కయ్యకు అంతా చెప్పాను, ఆ చివరి మాట తప్ప.