డీవీడీ మీద ఒక తమన్నా

మా అమ్మీ మదర్సాలో చదివింది తక్కువ. ఆమెకొచ్చిన ఉర్దూలో సగం సినిమా నగ్మాలు నేర్పిందే. అందుకే పాత పాటల సినిమాలు డీవీడీల మీద సాఫ్‌గా, పూర్తిగా రావాలని నాకొక తమన్నా.

1960లో వచ్చిన 'బర్సాత్ కీ రాత్' తీసుకోండి. రోషన్ సంగీతం, సాహిర్ కలాం. అందులో ఖవ్వాలీ ముకాబ్లా ఒక్కటే దాదాపు 12 నిమిషాలు. ఒక టోలీ సవాల్ విసురుతుంది, ఇంకో టోలీ జవాబ్ చెబుతుంది. ఇష్క్ మీద బహస్ మెల్లమెల్లగా ఊపందుకుంటుంది. మా ఇంట్లో ఉన్న సీడీలో అది మధ్యలోనే తెగిపోతుంది. సవాల్ ఉంది, జవాబ్ లేదు!

"యూట్యూబ్‌లో ఉంది కదా అబ్బా" అంటారు పిల్లలు. ఉంది బేటా, మసక బొమ్మతో, ముక్కలు ముక్కలుగా. మీకు ట్యూన్ వస్తుంది, మాయనే అడిగితే నా మొహం చూస్తారు. అమ్మీ ఉన్నప్పుడు ఒక్కో లఫ్జ్ విప్పి చెప్పేది. ఇప్పుడు తెర కింద తెలుగులో అర్థం వేస్తే తప్ప మీకు తెలిసే దారి లేదు.

'మొఘల్-ఎ-ఆజమ్' నసీబ్ మంచిది, రంగులద్దుకుని 2004లో మళ్లీ థియేటర్లకు వచ్చింది. 1931లో 7 పాటలతో వచ్చిన మన తొలి టాకీ 'ఆలం ఆరా'కు ఒక్క ప్రింటూ మిగల్లేదు. దానికోసం ఇంతెజార్ చేసినా ఫాయిదా లేదు.

మిగిలిన వాటి రీళ్లైనా పాడవకముందే శుభ్రం చేసి, పాటలకు కత్తెర పెట్టకుండా ఇస్తే చాలు. మొదటి డీవీడీ కొనేది నేనే, ఇన్షా అల్లాహ్.